కరాచీకిని బొంబాయికిని ఎంత దూరము?

ప్రశ్న పిల్లల భూగోళపాఠములోనిదివలె నున్నది. పటముపై తాడు వేసి కొలిచినచో జవాబు దొరకును. కరాచీ విమానాశ్రయమునకును బొంబాయి విమానాశ్రయమునకును నడుమ ఆకాశమార్గమున సుమారు 875 కిలోమీటర్లు. పాతలెక్కలో 545 మైళ్లు. హైదరాబాదునుండి ఢిల్లీకి ఇంతకంటె ఎక్కువ దూరము, 1,250 కిలోమీటర్లకు పైబడి యున్నది. నేటి జెట్టు విమానము మీదికెక్కి వేగ మందుకొన్నపిమ్మట గంటకు 800 కిలోమీటర్లకు తక్కువగా పోదు. ఎక్కుటకును దిగుటకును పట్టు జాగును కలుపుకొన్నను ఈ ప్రయాణమునకు గంటన్నర చాలును. పాకిస్థాను గడియారము మన గడియారమునకు అరగంట వెనుక నడచును గనుక, బొంబాయిలో ఉదయము పదిగంటలకు బయలుదేరినవాడు కరాచీలో పదకొండుగంటలకే దిగవలెను. (బొంబాయి పేరు 1995లో ముంబయి అయినది. మేము ముచ్చటింపబోవు సంగతులు పెక్కు అంతకు ముందటివి గనుక పాతపేరే వాడుచున్నాము.)

పటము చెప్పు లెక్క యిది. టిక్కెట్లమ్మువాడు చెప్పు లెక్క వేరు. ఈ రెండు నగరముల నడుమ నేరుగా పోవు ప్రయాణికుల విమానము నేడు లేదు. పోవలసియే యున్నవాడు ముందుగా పడమటికి ఎగిరి, అరబ్బుసముద్రమును దాటి దుబాయిలో దిగవలెను. అది 1,930 కిలోమీటర్ల దూరము. అచట కొన్నిగంటలు కూర్చుండి వేఱొక విమానమెక్కి తిరిగి తూర్పునకు 1,190 కిలోమీటర్లు రావలెను. అన్నియు కలిపి 3,100 కిలోమీటర్లు దాటును. ముక్కు నేరుగా చూపకుండ తలచుట్టు చేయి త్రిప్పి చూపుట యను మాట మనవారు వేళాకోళమునకు వాడుదురు. ఇచట అది ఇరుగుపొరుగు దేశముల రాజమార్గమైనది. నడుమనున్న విమానసంస్థలకును, అంగళ్లకును కలుగు లాభము సంగతి సరే. గంటన్నర ప్రయాణమునకు దినమంతయు వ్యయమగుచున్నది.

వీసా కథ ఇంకను చిత్రము. కరాచీలోని భారత కాన్సలు కార్యాలయము 1994లో మూతపడినది. అప్పటినుండి బొంబాయిలోని కూతురిని చూడబోవు కరాచీవాని విన్నపము ఇస్లామాబాదునకు చేరవలెను. కరాచీకి ఇస్లామాబాదు 1,100 కిలోమీటర్లు, అదియు బొంబాయికి వెనుదిరిగి ఉత్తరముగా. చేరవలసిన ఊరికంటె, అచటికి పోవుటకు అనుమతి ఇచ్చు కార్యాలయమే దూరమైనదన్నమాట.

తెలుగు పత్రికకు ఈ సింధుదేశపు గొడవ యేల యని పాఠకులడుగవచ్చును. మన శ్రీకాకుళపు తీరమునకును ఆ కరాచీకిని సంబంధము కలదు. ఆ సంగతికి తరువాత వత్తుము. ముందు ఈ దారి యెట్లు పుట్టినదో చెప్పవలసి యున్నది, ఏలయన భారతదేశపు వాయుయానచరిత్రయే ఈ దారిలో పుట్టినది.

1929 మార్చి కడపటినుండి ఇంగ్లండు తపాలా విమానములలో కరాచీవరకు వచ్చుచుండెను. వారమురోజులలో లండను ఉత్తరము కరాచీలో దిగెడిది. అచటినుండి దేశములోనికి తెచ్చుటయే జాగు. అంతకు ముందే తెల్లదొరలు కరాచీలో ఆకాశనౌకకొఱకు కొండవంటి ఇనుపకొట్టము నొకదానిని కట్టించిరి. దానిలోనికి రావలసిన ఆర్-101 అను నౌక 1930 అక్టోబరు 5వ తేదీన ఫ్రాన్సులో కూలి తగులబడినది. అతిథి రాని విడిదియిల్లుగా ఆ కొట్టము బహుకాలము నిలిచియుండెను. సామ్రాజ్యపు ఆడంబరము ఆ విధముగా నుండగా, పని జరిగించినది ఒక స్వదేశీ సంస్థ. టాటావారు సర్కారును రొక్కసహాయ మడిగిరి, సర్కారు ఇయ్యలేదు. తపాలా బరువునుబట్టి వచ్చు కూలితోనే నడిపెదమని వారు పూనుకొనిరి.

1932 అక్టోబరు 15వ తేదీ ఉదయమున జె.ఆర్.డి. టాటాగారు కరాచీలోని డ్రిగ్ రోడ్డు మైదానమునుండి ఒంటిగా బయలుదేరిరి. విమానము పుస్ మాత్ అను పేరుగల ఒంటి యంత్రపు చిన్నది. గంటకు నూఱుమైళ్ల వేగము దానికి గొప్ప. సరకు 25 కిలోల ఉత్తరములు. నడుమ అహమ్మదాబాదులో దిగినప్పుడు పెట్రోలు డబ్బాలు ఎద్దులబండిమీద వచ్చినవి. మధ్యాహ్నము రెండుగంటలు కాకమునుపే బొంబాయిలోని జుహూ మైదానమున దిగిరి. ఏడుగంటల ప్రయాణము. జుహూ మైదానము వానకాలమున బురదమడి. అప్పుడు విమానమును పూనాకు మార్చుకొనుచుండిరి. బొంబాయిలో ఉత్తరముల సంచులను నెవిల్ విన్సెంటు అను మఱియొక వైమానికు డందుకొని బళ్లారిమీదుగా మద్రాసు చేర్చెను. బళ్లారి అన్నంతనే మన పాఠకులలో పెద్దలకు మనసు చివుక్కుమనును. ఆనాడు అది మద్రాసు రాజధానిలోనిది, ఆంధ్రులు తమదని వాదించినది. 1953లో మైసూరులో కలిసినది. ఆ కథ నిప్పుడు తవ్వబోము. ఆంధ్రదేశపు ఇంటింటికి వచ్చు సీమ ఉత్తరము కరాచీ, బొంబాయి దారిని వచ్చినదనుటయే మాకు ముఖ్యము. ఆ చిన్న తపాలా సంస్థయే పెరిగి 1946లో ఎయిరిండియా అయినది.

ఏబదియేండ్లు గడచినవి. నడుమ దేశము రెండైనది. 1965లోను 1971లోను రెండు మహాయుద్ధములు జరిగినవి. రెండవదానిలో పాకిస్థాను రెండైనది. అయినను 1982 అక్టోబరు 15వ తేదీన, తన డెబ్బదియెనిమిదవయేట, ఆ టాటాగారే లెపర్డ్ మాత్ అను పాత విమానములో కరాచీనుండి బొంబాయికి ఒంటిగా ఎగిరి వచ్చిరి. అప్పటికి యుద్ధము ముగిసి పదునొకండేండ్లే. గాయములు పచ్చిగా నుండెను. అయినను ఒక వృద్ధుని ముచ్చటకు రెండు ప్రభుత్వములును దారి విడిచినవి. ఆనాటికంటె నేడు మన యంత్రములు పదిరెట్లు బలిసినవి. 1932లో ఏడుగంటలు పట్టిన దారి నేడు సామాన్య ప్రయాణికునికి లేనేలేదు.

ఈ రెండు ఊళ్లు ఒకదాని కొకటి పరాయివి కావు. 1936 ఏప్రిలు 1వ తేదీవరకు సింధు బొంబాయి రాజధానిలో భాగము. కరాచీవర్తకుడు తన చట్టమునకు బొంబాయి శాసనసభవైపు చూచెడివాడు. 1931 మార్చిలో వల్లభభాయి పటేలుగారి అధ్యక్షతను కాంగ్రెసు కూడినది కరాచీలోనే. భగత్‌సింగును ఉరితీసి వారము తిరుగలేదు. పందిరిలో దుఃఖమును కోపమును నిండియుండెను. ఆ సభయే పౌరుల ప్రాథమికహక్కుల తీర్మానమును చేసినది. నేడు మన న్యాయస్థానములలో రాజ్యాంగపు మూడవభాగమును విప్పి వాదించు ప్రతి వకీలును, తెలిసియో తెలియకయో, కరాచీలో నాటిన చెట్టు నీడను నిలిచియున్నాడు. తరువాత 1947-48లో సింధు హిందువులు ఓడలమీద కరాచీనుండి బొంబాయికి వచ్చిరి. కల్యాణమువద్ద వారుండిన కాందిశీకుల శిబిరమే నేటి ఉల్హాసనగరము. బొంబాయినుండియు గుజరాతునుండియు ముస్లిములు కరాచీకి పోయిరి. ఇటు నాయనమ్మ, అటు మేనత్త. ఇట్టి కుటుంబములు రెండు నగరములలోను నేటికిని కలవు.

హైదరాబాదులో కరాచీ బేకరీ యున్నదని మనకందఱకు తెలియును. దేశవిభజనానంతరము వచ్చిన సింధీకుటుంబమువారు 1953లో మొజంజాహి మార్కెట్టువద్ద పెట్టినది. సింధులోని హైదరాబాదులో బొంబాయి బేకరీ యున్నదని మాత్రము పెక్కుమంది యెఱుగరు. అది 1911 నాటిది. మన హైదరాబాదులో కరాచీ, వారి హైదరాబాదులో బొంబాయి. రొట్టెలు కాల్చువారికున్నపాటి జ్ఞాపకము రాజ్యములకు లేకపోయినది. 2025 మేలో మన హైదరాబాదు బేకరీ బోర్డుమీద కొందఱు తమ దేశభక్తిని చూపిరి. కాందిశీకుడై వచ్చినవాడు విడిచివచ్చిన ఊరి పేరు పెట్టుకొన్నందుకు అతనిని శిక్షించుట ఏ దేశభక్తియో మాకు బోధపడలేదు.

ఇక ఆకాశమునకు తలుపులు వేయుట ఎట్లు మొదలైనదో చూతము. భూమి యెవనిదో దానిమీది ఆకాశమంతయు వానిదే యని పాత న్యాయసూత్ర మొకటి కలదు. విమానములు పుట్టినపిమ్మట అది సొంతభూముల యజమానులకు చెల్లక పోయినను రాజ్యములకు చెల్లినది. 1944లో షికాగోలో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక మొదటి అధికరణముననే, ప్రతి రాజ్యమునకు తన భూభాగముపైనున్న ఆకాశమున సంపూర్ణమైన సర్వాధికార మున్నదని ఒప్పుకొన్నారు. ఆ సమయముననే, ఒకరి ఆకాశమును మఱియొకరు దాటిపోవు హక్కును ఇచ్చిపుచ్చుకొను వేఱొక ఒప్పందమును కుదిరినది. భారత పాకిస్థానములు రెండును దానిలోని వాటాదారులు. మొదటి కాగితము తలుపునకు గడియ; రెండవ కాగితము తలుపు తీసియుంచెదమను మాట. అరువదియేండ్లకు పైబడి మన రెండు దేశములు గడియను మాత్రమే జ్ఞాపకముంచుకొన్నవి.

మొదటి తగవు 1952లోనే వచ్చినది. ఢిల్లీనుండి కాబూలుపోవు మన విమానములను పాకిస్థాను తన వాయవ్య ఆకాశమున పోనీయలేదు. మనము అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ మండలికి ఫిర్యాదు చేసితిమి. మరుసటియేడు రాజీ కుదిరినది. అప్పటి ఫిర్యాదీలము మనమని జ్ఞాపకముంచుకొనవలెను.

పందొమ్మిదేండ్లకు పాత్రలు తారుమారైనవి. 1971 జనవరి 30వ తేదీన శ్రీనగరునుండి జమ్మూకు పోవుచున్న గంగ యను మన విమానమును ఇద్దఱు బెదిరించి లాహోరునకు త్రిప్పుకొనిపోయిరి. ప్రయాణికులు బ్రతికి వచ్చిరి; విమానమును కాల్చివేసిరి. ఫిబ్రవరి 4వ తేదీన మన ప్రభుత్వము పాకిస్థాను విమానములకు మన ఆకాశమును మూసినది. కోపమునకు కారణము లేకపోలేదు. కాని దాని ఫలము ఎంతదూరము పోయినదో చూడుడు. ఆనాటి పాకిస్థానునకు ఒక రెక్క కరాచీ, మఱియొక రెక్క ఢాకా. నడుమ మన దేశము. నేరుగా 2,370 కిలోమీటర్ల ప్రయాణము, సింహళముమీదుగా చుట్టి పోవలసివచ్చుటచే సుమారు రెండింతలైనది. పాకిస్థాను అదే మండలికి ఫిర్యాదు చేసినది. ఈ తగవు విచారించుటకు మండలికి అధికారము లేదని మనము వాదించితిమి; మండలి వినలేదు. మనము హేగులోని అంతర్జాతీయ న్యాయస్థానమునకు అప్పీలు చేసితిమి. 1972 ఆగస్టు 18వ తేదీన తీర్పు వచ్చినది: పదునాలుగుమంది న్యాయమూర్తులు మండలికి అధికారమున్నదనిరి, ఇద్దఱు కాదనిరి. మనము ఓడితిమి. అయితే తీర్పు వెలువడునాటికి ఢాకా పాకిస్థానులోనే లేదు. కోర్టులో వ్యాజ్యము నడచుచుండగా దావాభూమి ఏటిలో కొట్టుకొనిపోయిన రైతుల కథలు కోస్తా వకీళ్ల కెల్ల తెలిసినవే. ఇంత పెద్దయేటిని మాత్రము వా రెన్నడును చూచియుండరు.

1976లో రాకపోకలు తిరిగి మొదలైనవి. 2001 డిసెంబరులో పార్లమెంటు భవనముపై దాడి జరిగిన వెనుక, 2002 జనవరి 1వ తేదీనుండి రెండేండ్లపాటు ఆకాశములు మరల మూతపడినవి. 2019లో పుల్వామా, బాలాకోట్ సంఘటనల వెనుక ఫిబ్రవరి 27నుండి జులై 16వరకు పాకిస్థాను మూసినది. ఆ కాలమున ఎయిరిండియాకు 491 కోట్ల రూపాయల నష్టమని మంత్రి పార్లమెంటులో తెలిపిరి. ఆ యేటి ఆగస్టులోనే రైళ్లును ఆగినవి: ఢిల్లీనుండి లాహోరుదారిని పోవు సంఝౌతా, రాజస్థానపు ఎడారిలో మునాబావ్‌వద్ద సరిహద్దు దాటి కరాచీకి పోవు థార్. థారు రైలు పేదల బండి. నలువదేండ్ల మూతవెనుక 2006లో తెఱచిన దారి పదుమూడేండ్లకే మరల మూతపడినది. పిమ్మట 2025 ఏప్రిలు 22వ తేదీన పహల్గాములో ఇరువదియార్గురు అమాయకులను చంపిరి. మన ప్రభుత్వము అటారీ దారిని మూసి వీసాలను రద్దుచేసినది. 24వ తేదీన పాకిస్థాను తన ఆకాశమును మన విమానములకు మూసినది. 30వ తేదీన మనమును వారి విమానములకు మూసితిమి. ఆ ఉత్తరువులను ఆ సంవత్సరమంతయు నెలనెలకు పొడిగించుచునే వచ్చిరి. గమనింపవలసిన దొకటి: మూసినది పరస్పర విమానములకే. మూడవదేశపు విమానము రెండు ఆకాశములలోను యథేచ్ఛగా పోవచ్చును. ఇంటిలో అన్నదమ్ములు మాటలాడుకొనక, వాకిట పోవు కొత్తవానిచేత కబురులంపుకొనుటవంటిది.

ఇచట మాకు రాబోవు ఆక్షేపణ తెలియనిది కాదు. "కరాచీ దారి యనుచున్నారే, 2008 నవంబరు 26వ తేదీన బొంబాయిమీద పడిన పదిమంది ఏ దారిని వచ్చిరి?" అని అడుగుదురు. కరాచీనుండియే వచ్చిరి. సముద్రముమీద వచ్చిరి. 166మందిని పొట్టన బెట్టుకొనిరి. ఆ రక్తమును మఱచి సౌభ్రాత్రమును బోధించుటకు మాకు నోరాడదు; వారిని పంపినవారిలో పెద్దలు పాకిస్థానులో తగిన శిక్ష పొందలేదనుటయు సత్యమే. మన దేశము ఆ పదిమందిలో ప్రాణముతో చిక్కినవానికి వకీలును ఇచ్చి, విచారించి, సుప్రీంకోర్టుదాక అప్పీలు విని, 2012 నవంబరు 21వ తేదీన శిక్ష నెరవేర్చినది. ఆ ఓర్పు మన గౌరవము.

కాని ఆ పదిమందిలో ఒక్కడును టిక్కెట్టు కొని రాలేదు. వీసా అడుగలేదు. విమానాశ్రయమున వరుసలో నిలువలేదు. విమానములో వచ్చువాడు పేరు, ఊరు, తండ్రిపేరు, దిగబోవు ఇల్లు వ్రాసియిచ్చి, వ్రేలిముద్ర వేసి, పోలీసుఠాణాలో హాజరు చెప్పుకొనువాడు. తలుపు మూసినచో ఆగువా డతడే. గోడ దూకువా డాగడు. 2008లో ఈ దారిమీద విమానములు నడచుచుండెను గనుక దాడి జరుగలేదు. 2025లో అవి లేవు గనుక పహల్గాము ఆగలేదు. దాడి చేయువానిని ఆపుటకు నావికాదళము, తీరరక్షణ, గూఢచారులు, అంతర్జాతీయమైన ఒత్తిడి అను మార్గములు కలవు. వానిపై ఎంత వ్యయము చేసినను మేము కాదనము. శత్రురాజ్యపు విమానసంస్థకు మన ఆకాశము మీదుగా పోవు సౌకర్యమును ఉపసంహరించుటయు ఒక రాజ్యము చేయదగిన ఒత్తిడియే. దానిని తెఱువుమని మేము కోరుటలేదు. రాజ్యములు తమ కోపమును రాజ్యముపై చూపవలెను గాని, దానిని మోయువారు ఎవరో ఒకసారి లెక్కవేసి చూడవలెనని మాత్రమే కోరుచున్నాము. 2025 ఏప్రిలులో వైద్యమునకై మన ఆసుపత్రులకు వచ్చినవారి వీసాలు ఆ నెల 29వ తేదీవరకే చెల్లునని ప్రకటించినారు. రోగము తేదీని చూచుకొని కుదురునా?

ఇప్పుడు శ్రీకాకుళపు మాట. ఆ జిల్లాకు పొడవైన సముద్రతీరమున్నది. పెద్దపడవలు నిలుచుటకు తగిన రేవులు చాలకాలము లేకపోయినవి. కావున మన జాలరులు ఏటేట గుజరాతునకు వలసపోయి, వెరావలువంటి రేవులలో మరపడవల యజమానులక్రింద కూలికి వేటాడుదురు. తూర్పుసముద్రపు బిడ్డలు పడమటిసముద్రమున పొట్టపోసికొనుచున్నారు. ఆ సముద్రములో, సర్ క్రీకు అను పాయవద్ద రెండు దేశముల హద్దు నేటికిని తేలలేదు. నీటిమీద గీత కనబడదు. చేప గీతను ఎఱుగదు. గాలియు పోటును పడవను ఎటు నెట్టునో చెప్పలేము. 2018 నవంబరులో పాకిస్థాను సముద్రరక్షకులు పట్టుకొనిపోయిన పడవలలో మన ఉత్తరాంధ్ర జాలరులుండిరి. వారిని కరాచీ జైలులో పెట్టిరి. భార్యలు, తల్లులు ఇచట కలెక్టరు కచేరిచుట్టును మంత్రుల ఇండ్లచుట్టును తిరిగిరి. 2020 జనవరి 6వ తేదీన ఇరువదిమంది విడుదలయి వచ్చిరి. ఆ కథను పెంచి 2025లో తండేల్ అను చలనచిత్రముగా తీసిరి. జనులు చూచి చప్పట్లు కొట్టిరి, మంచిదే.

వారు వచ్చిన దారిని మాత్రము పటముమీద వ్రేలుపెట్టి చూడుడు. కరాచీనుండి వెరావలు సముద్రముమీద ఐదారువందల కిలోమీటర్లు. వారిని ఆ దారిని పంపలేదు. బొంబాయికి గంటన్నరలో చేర్చు విమానము లేదు. కరాచీ జైలునుండి తీసి, పాకిస్థాను నడుమగా పండ్రెండువందల కిలోమీటర్లు రైలులో ఉత్తరమునకు లాహోరు చేర్చి, వాఘావద్ద కాలినడకను గీత దాటించిరి. అచటినుండి అమృతసరము, ఢిల్లీ, తరువాత వేయిన్నర కిలోమీటర్లకు పైబడి దక్షిణమునకు తమ తీరము. ఉప్పునీటిలో పట్టిన మనిషిని గోధుమపొలముల నడుమ వదలిరి. అది కూడ వాఘా దారి తెఱచియున్న దినములలో. ఆ దారియు మూసికొన్నప్పుడు చెఱవిడిపింపవలసిన ప్రతివానికిని వేఱు ఉత్తరువు, వేఱు ఏర్పాటు కావలెను. కాగితము నడువనిచోట మనిషియు నడువడు. అట్లే మన గుజరాతు జైళ్లలోను సింధుతీరపు జాలరు లున్నారు. వారి భార్యలును తమ కలెక్టరు కచేరిచుట్టు తిరుగుచున్నారు.

ఇందులకు ఏ కొత్త ధర్మమును కనిపెట్టనక్కరలేదు. 2008 మే 21వ తేదీన రెండు ప్రభుత్వములును వ్రాలు చేసిన ఒప్పందమొకటి యున్నది. ఏటేట జనవరి 1న, జులై 1న తమ జైళ్లలోని ఎదుటివారి ఖైదీల పట్టికలను ఇచ్చిపుచ్చుకొనవలెను. శిక్ష ముగిసి, మనిషి ఏ దేశమువాడో నిర్ధారణయైన నెలలోపల విడిచి పంపవలెను. దయతో చూడవలసినవారిని అంతకు ముందే విడుచు స్వేచ్ఛయు వ్రాసికొనిరి. యుద్ధవాతావరణములోను ఈ పట్టికల మార్పిడి తప్పలేదు. అది రెండు పక్షములకును మెచ్చదగినది. పట్టిక చేరుచున్నది, మనుష్యులే నెలలో చేరుటలేదు. ఖైదు ముగిసినవాడు మార్గములేక ఖైదులో నుండుట ఏ శిక్షాస్మృతిలోను లేని శిక్ష.

కావున మేము కోరునది పరిమితమైనది. రాజకీయపు వాతావరణ మెట్లున్నను మూతపడని దారియొకటి ఈ రెండు ఊళ్ల నడుమ ఉండవలెను. నెలకొక విమానమైనను చాలును. రెండు దేశములలో ఎవరి విమానమును నడువరాదన్నచో, మూడవదేశపుదియో రెడ్‌క్రాసువారు కుదిర్చినదియో కానిండు. ఆకాశము వారికి మూయలేదు గదా. విడుదలయైన జాలరులు, వైద్యమునకు పోవువారు, అరువదియైదేండ్లు దాటి తోబుట్టువులను కడసారి చూడగోరు వృద్ధులు దానిలో పోవలెను. పేర్లు ముందుగా ఇచ్చి, రెండు ప్రభుత్వములును పరీక్షించిన మీదటనే. లేదా జాలరుల మట్టుకు, పట్టుకొన్న నీటనే, నడిసముద్రమున ఒక తీరరక్షణనౌకనుండి మఱియొక నౌకకు అప్పగించినను సరిపోవును. పడవయు వారితో తిరిగివచ్చును. పడవ తిరిగిరానిచో యజమాని నష్టపోవుటయే గాక, మరుసటియేట మనవానికి కూలియు ఉండదు.

గుజరాతు పార్లమెంటు సభ్యులు ఈ విషయమును అప్పుడప్పుడు ఎత్తుచునే యున్నారు. మన ఉత్తరాంధ్ర సభ్యులు పట్టుబడినవార్త వచ్చిననాడు ఎత్తి, విడుదలైననాడు దండలువేసి, నడుమకాలమున మఱచుట మాని, ప్రతి జనవరిలోను ప్రతి జులైలోను పట్టిక చేతికి వచ్చిన వారములోపల విదేశాంగశాఖను మూడు ప్రశ్న లడుగవలెను: అందు మన జిల్లాలవారు ఎందఱు, వారిలో శిక్ష ముగిసినవారు ఎందఱు, వారు ఏ దారిని ఏ తేదీన వత్తురు. మొదటి రెండింటికి జవాబు సులభముగానే వచ్చును. మూడవదానికి జవాబు వచ్చువరకు విడువరాదు.